ఆరు పోగులు

బుధవారం పొద్దున పదిన్నరకి చిన్న డాక్టరమ్మ దగ్గర్నుంచి చీటీ వచ్చింది. "నాలుగు వందల పద్దెనిమిది, మూడో బ్లాకు. ఇంకాస్త లోపలికి కోసి రెండు స్లైడ్లు ఇవ్వండి. ఏమీ లేదని రిపోర్టు ఇచ్చేశాం గానీ, ఆయన రక్తపరీక్ష చూస్తే నాకు మనసొప్పడం లేదు."

బ్లేడక్క చీటీని తడివేలితో మిషను అంచుకి అంటించి, చేతిలో ఉన్న పని ముందు పూర్తి చేసింది. చల్లారిన మైనపు బ్లాకుని మిషనుకి బిగించి చక్రం తిప్పుతుంటే, బ్లేడు మీంచి ఉల్లిపొర కన్నా పల్చటి పట్టీ ఒకటి బయటికి జారుతోంది. ఊపిరి తగిలితే చాలు, అది ఎగిరి ముడుచుకుపోతుంది. అందుకే ఆమె ఆ కాసేపూ ఊపిరి బిగబడుతుంది. పట్టీని కుంచె కొనతో ఎత్తి గోరువెచ్చని నీళ్ల తొట్టిలో వదిలింది. ముడతలు వాటంతటవే సర్దుకున్నాక, కింద నుంచి గాజు పలక పోనిచ్చి పైకి తీసింది.

ఆ ల్యాబులో అందరూ ఆమెని బ్లేడక్క అనే అంటారు. వాగి వాగి చంపేవాళ్లకి పెట్టే పేరది. రోజు మొత్తానికి పది మాటలు మాట్లాడని మనిషికి అదెలా అంటుకుందా అని కొత్తవాళ్లు నవ్వుకుంటారు. ఆమె కూర్చునే చోటికి వచ్చి చూస్తే గానీ సంగతి అర్థం కాదు.

సొరుగు లాగి నాలుగు వందల పద్దెనిమిది బ్లాకులు తీసింది. ప్రొస్టేట్ గ్రంథిలోంచి సూదితో తీసిన ముక్కలు. మనిషికి ఆరు, ఒక్కోదానికి ఒక్కో బ్లాకు. పైకి చూస్తే తెల్లటి మైనంలో దారప్పోగు ఇరుక్కున్నట్టు ఉంటుంది, అంతే. ఆ పోగుని బట్టే ఒక మనిషికి జబ్బు ఉందో లేదో డాక్టర్లు తేలుస్తారు. మళ్లీ కొయ్యాల్సి వస్తే, ముక్క ఎంత మిగిలి ఉందో తెలియడానికి ముందు తన పుస్తకం చూసుకోవడం ఆమెకి అలవాటు. సీసాలోంచి ముక్క తీసిన రోజునే దాని పొడవు కొలిచి, ఎలా ఉందో రాసుకుంటుంది.

పుస్తకంలో ఆమె చేతిరాతే. "418. మూడోది. మూడు ముక్కలు. పెద్దది నాలుగు మిల్లీమీటర్లు. పట్టుకుంటే విరుగుతోంది."

బ్లాకు వంక చూసింది. మైనంలో ఒకే పోగు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, ఎక్కడా తెగకుండా, బొటనవేలి గోరంత పొడవు.

కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది. మిగిలిన ఐదు బ్లాకులూ వరుసగా పేర్చింది. పుస్తకంలో అన్నీ ముక్కలూ చెక్కలూ అని రాసుంది. మైనంలో ఆరూ నిండు పోగులే.

పై వరుసలోంచి నాలుగు వందల పదిహేడు తీసింది. తీస్తున్నప్పుడే తెలిసిపోయింది. పుస్తకంలో, "417. ఆరూ నిండుగా ఉన్నాయి. పొడవైనది పదహారు మిల్లీమీటర్లు." బ్లాకుల్లో చూస్తే నలిగి విరిగిన తునకలు.

బ్లాకులన్నీ మళ్లీ సొరుగులో పెట్టి మూసింది. తెరిచింది. మళ్లీ మూసింది. లేచి కిటికీ దాకా వెళ్లింది, అక్కడికి ఎందుకొచ్చిందో తెలియలేదు. తిరిగొచ్చి కూర్చుని, చీటీలో అడిగినట్టు రెండు స్లైడ్లు కోసింది. ఒకటి ముడత పడింది. పారేసి ఇంకొకటి కోసింది. అదీ ముడత పడింది.

రిపోర్టుల నకళ్లు పక్క గదిలో ఉంటాయి. మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లాక చూసింది. నాలుగు వందల పదిహేడు: వయసు యాభై నాలుగు, చేసే పని ఈత నేర్పడం, ఆరు పోగుల్లో నాలుగింట క్యాన్సర్ ఉంది. కింద పెద్ద డాక్టరుగారి సంతకం. నాలుగు వందల పద్దెనిమిది: వయసు అరవై ఒకటి, కుట్టుమిషన్ల రిపేరు, క్యాన్సర్ కనబడలేదు. అదీ ఆయన సంతకమే. రెండూ సోమవారం వెళ్లిపోయాయి.

మెట్ల దగ్గర గోడకి ఆపరేషన్ల జాబితా అతికించి ఉంటుంది. శుక్రవారం, మొదటి కేసు, ప్రొస్టేట్ తొలగింపు. పేరు పక్కన బ్రాకెట్లో నాలుగు వందల పదిహేడు.

*

సాయంత్రం ఇంట్లో కత్తిపీట ముందు కూర్చుని వంకాయ చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"ఏంటలా చూస్తున్నావ్? ఆ వంకాయ నిన్నేమైనా అందా?" అన్నాడు భర్త. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. గ్రీజు వదలక చేతులు మోచేతుల దాకా సబ్బు పెట్టి రుద్దుకుంటూ వచ్చాడు.

ఆమె చెప్పింది. ఒక్కసారిగా కాదు, మధ్యలో ఆగి, ముందుది మళ్లీ చెప్పి, అడ్డదిడ్డంగా. పోయిన గురువారం ఇద్దరి సీసాలూ బల్ల మీద ఉన్నాయి. ముక్కలు పెట్టే నంబరేసిన ప్లాస్టిక్ డబ్బీలు, క్యాసెట్లంటారు, మనిషికి ఆరు చొప్పున రెండు ట్రేల్లో సర్ది పెట్టుకుంది. నాలుగు వందల పదిహేడో నంబరు ముక్కల కొలతలు రాయడం అయిపోయింది. ముక్కల్ని క్యాసెట్లో పెట్టబోతుంటే ఆపరేషన్ థియేటరు నుంచి అర్జెంటు ముక్క వచ్చింది. బల్ల మీద మనిషిని కోసి ఉంచి సర్జన్ ఎదురుచూస్తాడు, అది ఆపడానికి లేదు. వెళ్లింది. ఇరవై నిమిషాల తర్వాత వచ్చి కూర్చుని, ఎదురుగా ఉన్న ట్రేని దగ్గరికి లాక్కుంది.

"ఎదురుగా ఉన్నది పద్దెనిమిదిదేమో. నంబరు చూశాననే అనుకుంటున్నాను. చూడలేదేమో."

"ఒకళ్లు నంబరు చదివితే ఒకళ్లు ముక్క పెట్టాలని అంటావుగా ఎప్పుడూ."

"చదవడానికెవరున్నారు? తుమ్ముల మావయ్యని పంపించేశాక నేనొక్కదాన్నేగా."

ఫార్మలిన్ సీసా మూత తీస్తే చాలు తుమ్ములందుకునే ఆ పెద్దాయన, ఆమె పక్క కుర్చీలో పదకొండేళ్లు కూర్చున్నాడు. పోయిన ఏడాది ఒక ముక్క పోయిందని ఆయన్ని పనిలోంచి తీసేశారు. నెల తిరగ్గానే అది థియేటరు అల్మారాలోనే దొరికింది. అసలు ల్యాబుకి రానేలేదు. ఆయన్ని మాత్రం ఎవరూ వెనక్కి పిలవలేదు.

భర్త తువ్వాలు భుజం మీద వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. "ఆ ఈతాయనకి ఆపరేషను ఎప్పుడు?"

"ఎల్లుండి పొద్దున."

"మరి ఇంకా దేనికి ఆగావ్?"

"నేనే తప్పు రాసుకుని ఉండొచ్చు కదా. ముందు ఖాయం చేసుకోవాలి."

"చూడూ, తాడు తెగుతుందేమోనని అనుమానమొస్తే మేం లిఫ్టు నడుపుతూ వెతకం. ముందు స్విచ్చు తీసేస్తాం. జనం మమ్మల్ని తిట్టుకుంటూ మెట్లెక్కుతారు. ఎక్కితే ఎక్కనీ. వెతుకులాట ఆ తర్వాత."

"మావయ్య గతే నాకూ పడితే?"

ఆయన కత్తిపీట తన వైపు లాక్కుని వంకాయలు తరగడం మొదలుపెట్టాడు. నాలుగు కాయలయ్యాక, "భయం నాకూ ఉంది. లేదంటే అబద్ధం," అన్నాడు.

*

గురువారం పెద్ద డాక్టరుగారు రాకముందే ఆమె ఆయన గది ముందు నిలబడి ఉంది. చంకలో పుస్తకం, ట్రేలో పన్నెండు బ్లాకులు. ఇంకో రెండు నెలల్లో ఆయన రిటైరవుతాడు. రంగు తడి ఆరకముందే స్లైడు చూసి జబ్బు పేరు చెప్పేస్తాడని ఆ ఆస్పత్రిలో చెప్పుకుంటారు.

ఆయన కోటు తొడుక్కుంటూనే విన్నాడు.

"ముక్కలు విరగడం మామూలేనమ్మా. రాత్రంతా మిషన్లో నానతాయి, నువ్వు చిమటాతో పడతావు, మైనం పోస్తావు. ఎక్కడో విరుగుతాయి."

"పదిహేడువి విరిగాయంటే ఒప్పుకుంటాను సార్. పద్దెనిమిదివి విరిగినవే. విరిగినవి ఎలా అతుక్కుంటాయి?"

కోటు రెండో చెయ్యి సగం ఎక్కి ఆగిపోయింది. ఆయన మెల్లగా కూర్చుని పుస్తకం తన వైపు తిప్పుకున్నాడు. బ్లాకులు ఒక్కోటీ వెలుతురుకి పట్టి చూశాడు. పన్నెండూ చూశాడు. తర్వాత ముక్కలతో పాటు వచ్చిన పరీక్ష దరఖాస్తులు రెండూ తీయించి, రక్తపరీక్ష అంకెల మీద పెన్సిలు పెట్టి పక్కపక్కన పోల్చి చూశాడు. ఈతమాస్టారి అంకె హద్దు కొద్దిగా దాటింది, అంతే. మిషన్లాయనది అయిదు రెట్లుంది.

"ఇది నేను చూసుండాల్సింది," అన్నాడు. ఎవరితోనో కాదు, తనతోనే.

ఫోను తీసి సర్జన్‌తో మాట్లాడాడు. "రేపటి మొదటి కేసు ఆపండి. నా రిపోర్టు మీద నాకే అనుమానంగా ఉంది. కారణం తర్వాత చెప్తాను. ఇద్దర్నీ పిలిపించి మళ్లీ ముక్క తీద్దాం."

బ్లేడక్కకి భర్త మాట గుర్తొచ్చింది. స్విచ్చు తీశారు. చాలు.

"ఇంకెవరికైనా చెప్పావా?" అన్నాడు ఆయన.

"మా ఇంట్లో చెప్పానండీ."

"ఆయన సంగతి వదిలెయ్. ఇక్కడ?"

"లేదు సార్."

"చెప్పకు. ఈ పుస్తకం నా దగ్గరుండనీ." ఆయన గొంతు తగ్గింది. "సీసాలు పైనుంచే తారుమారయి వచ్చాయని రాస్తాను. లేబుళ్లు సీసాకి కాకుండా మూతలకి అంటిస్తారని నువ్వే ఎన్నిసార్లు చెప్పలేదు? వాళ్లకీ ఒక పాఠం. నీకు ఇంకా పన్నెండేళ్ల సర్వీసుంది. ఒక్క ట్రే కోసం దాన్ని పోగొట్టుకుంటావా? వెళ్లు, పని చూసుకో."

వెళ్లింది. ఆ మాటలో దయ ఉంది, అది ఆమెకి తెలుసు. లేబుళ్ల గురించి తను చెప్పిందీ నిజమే. మెట్లు దిగుతుంటే, ఇంత తేలిగ్గా అయిపోతుందనుకోలేదని అనిపించింది. కానీ బల్ల దగ్గర కూర్చున్నాక పని సాగలేదు. బ్లేడు మార్చింది. తొట్టిలో నీళ్లు మార్చింది. ఉన్న కుంచెలన్నీ కడిగి ఆరబెట్టింది. చిన్న డాక్టరమ్మ వచ్చి, "నాలుగు వందల పద్దెనిమిదివి స్లైడ్లు ఏమయ్యాయక్కా?" అని అడిగితే, "పెద్ద సారు దగ్గరున్నాయమ్మా" అని మొహం తిప్పుకుంది.

మూడింటికి పై అంతస్తు క్లినిక్ సిస్టరు దిగి వచ్చింది. రోజూ సీసాల ట్రే మోసుకొచ్చేది ఆమే. మెట్ల మీద జారకుండా బూట్లకి గరుకు అట్ట అంటించుకుంది, నడుస్తుంటే గరగరమని చప్పుడొస్తుంది. ఈరోజు చేతిలో ట్రే లేదు. ఒక కాయితం ఉంది.

"అక్కా, ఇది చూడు. నేను సీసాలు మార్చానంట. సంజాయిషీ రాయమన్నారు. వారం రోజులు డ్యూటీకి రావద్దన్నారు." కాయితాన్ని బల్ల మీద పరిచింది. "నేను ఒకటికి రెండుసార్లు చూసి ఇస్తాను కదా. నువ్వు మూత మీదా చూస్తావ్, లిస్టులో టిక్కు పెడతావ్, సంతకం పెడతావ్. ఆరోజూ పెట్టావుగా. నాకు గుర్తే, నీ పెన్ను రాయకపోతే నా పెన్ను ఇచ్చాను."

బ్లేడక్కకీ గుర్తే. ఆకుపచ్చ పెన్ను.

"నువ్వు ఒక్క మాట చెప్తే చాలు. సీసాలు సరిగ్గానే అందాయని. నువ్వంటే అందరూ నమ్ముతారు."

"చూస్తాను," అంది బ్లేడక్క. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అనిపించింది.

సిస్టరు కాసేపు ఆమె మొహం వంకే చూసింది. ఏం కనబడిందో ఏమో, కాయితం మడిచి జేబులో పెట్టుకుని, "సరే అక్కా" అని వెళ్లిపోయింది. గరగర చప్పుడు మెట్ల మలుపు దాకా వినిపించింది.

ఐదింటికి అందరూ వెళ్లాక బ్లేడక్క ఒక తెల్లకాయితం తీసుకుంది. "గౌరవనీయులైన" అని రాసి కొట్టేసింది. రెండో కాయితం మీద, "పోయిన గురువారం నేను" అని మొదలుపెట్టింది. రాయడం అలవాటు లేని చెయ్యి కాదు గానీ, ఇంతకాలం ఆ చెయ్యి రాసినవన్నీ మిల్లీమీటర్లే. ఆరు వాక్యాలు రాయడానికి ముప్పావుగంట పట్టింది.

*

శుక్రవారం పెద్ద డాక్టరుగారు ఆ కాయితం చదివి టేబులు మీద బోర్లా పెట్టాడు.

"నేను నిన్ను కాపాడదామని చూస్తుంటే నువ్వొచ్చి నా నెత్తిన కూర్చుంటావా?"

"మీరు నా కోసమే చేశారు సార్. తెలుసు. ఆ సిస్టరు కోసం ఎవరు చేస్తారు?"

"ఆమెకి ఓ వారం. అంతకన్నా ఏమీ కాదు. నేను చూసుకుంటాను."

"మావయ్య విషయంలోనూ వారమే అన్నారు."

ఆయన తలెత్తాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఆయన మాటకి అడ్డం చెప్పని మనిషి. నిన్న ఒకటి, ఈరోజు రెండు.

"ఇందులో ఇంకో సంగతి కూడా రాయాలి సార్," అంది. "అర్జెంటు ముక్క వచ్చినా, పక్కన చదివే మనిషి ఉండుంటే ట్రే మారేది కాదు. అది నేను రాస్తే సాకు అంటారు. మీరు రాస్తే వింటారు."

"ఇప్పుడు నాకు డిక్టేషన్ కూడా చెప్తావా?"

ఆమె అనాల్సినవి అయిపోయాయి. ఆయన కాయితాన్ని మళ్లీ తిప్పి చదివాడు. పెన్ను మూత తీసి, పెట్టి, తీసి, చివరికి కింద రెండు లైన్లు రాశాడు. అక్షరాలు తలకిందులుగా ఉండటంతో ఏం రాశాడో ఆమెకి తెలియలేదు.

"మూడు రోజులు నువ్వు బల్ల దగ్గర కూర్చోకు. చిన్న డాక్టరమ్మ చూసుకుంటుంది. మెమో వస్తుంది, తీసుకో." పెన్ను జేబులో పెట్టుకుని అన్నాడు. "ఇంకొకటి. రేపు వాళ్లిద్దరూ వస్తున్నారు. ఎలా మారాయని అడుగుతారు. నేను చెప్పను. నువ్వొచ్చి చెప్పు."

ల్యాబులో పనిచేసేవాళ్లు రోగిని చూడరు. సీసా మీద నంబరొస్తుంది, స్లైడు మీద నంబరు పోతుంది. ఇన్నేళ్లలో ఎన్ని వేలమందినో కోసి ఉంటుంది, ఒక్క మొహమూ తెలియదు. ఆ రోజంతా ఆమె రిజిస్టర్ల దుమ్ము దులుపుతూ, రేపు తను అనబోయే మాటలు పెదాలతో అనుకుంటూ గడిపింది.

*

శనివారం సర్జన్ గదిలో ముందు ఈతమాస్టారు వచ్చాడు. వెడల్పాటి భుజాలు, నీళ్లలో నాని నాని ఎర్రబడ్డ కళ్లు. కూర్చోమంటే కూర్చోలేదు.

సర్జన్ విషయం చెప్పాడు. జబ్బు మీది కాకపోవచ్చు అన్నాడు. బ్లేడక్క గోడ పక్క నిలబడి, చేతులు కట్టుకోవాలో వదిలెయ్యాలో తెలియక, తను చెప్పాల్సింది చెప్పింది. ఆయన సంతోషిస్తాడని ఆమె అనుకుంది. కనీసం కుర్చీలో కూలబడి మొహం తుడుచుకుంటాడనుకుంది.

"అయిదు రోజులు," అన్నాడాయన. "అయిదు రోజుల్నుంచి నేను చచ్చిపోతున్నాననుకుంటున్నాను. మా అమ్మాయి పరీక్షలు మానేసి వచ్చి నా మంచం పక్కన కూర్చుంది. నా దగ్గర నేర్చుకునేవాళ్లని పిలిచి ఇంకొకాయనకి అప్పజెప్పాను. పిల్లలు ఏడ్చారు. వాళ్లకిప్పుడేం చెప్పను? ట్రే మారిందని చెప్పనా?" బ్లేడక్క వైపు వేలు చూపించాడు. "రేపు పొద్దున్నే మీ ఇంటికొచ్చి, అమ్మా, నీకు క్యాన్సర్, అని చెప్పి పోతాను. అయిదు రోజులాగి, కాదులే అని వస్తాను. అప్పుడు తెలుస్తుంది."

"మీరన్నది నిజమేనండీ," అంది ఆమె. ఇంకేమీ దొరకలేదు.

మళ్లీ ముక్క ఇవ్వడానికి మాత్రం ఒప్పుకున్నాడు. పోతూ తలుపు గట్టిగా వేశాడు. గోడ మీది క్యాలెండరు ఊగింది.

కుట్టుమిషన్లాయన భార్యతో వచ్చాడు. సన్నటి మనిషి, చొక్కా జేబుకి చిన్న స్క్రూడ్రైవరు. ఆవిడ మొహం నవ్వుతూనే ఉంది. ఏమీ లేదన్న రిపోర్టు వచ్చాక ఆస్పత్రి వాళ్లు పిలిచారంటే మందుబిళ్లలకే అనుకుంది. సర్జన్ చెప్పుకుపోతుంటే ఆ నవ్వు ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే ఉంచేసుకుంది.

"అంటే ఆ మంచి రిపోర్టు మాది కాదన్నమాట," అన్నాడాయన.

"ఖాయంగా చెప్పలేం. మళ్లీ తీస్తేనే తెలుస్తుంది," అన్నాడు సర్జన్.

"ఎలా మారాయి?"

బ్లేడక్క చెప్పింది. రెండు ట్రేలు, అర్జెంటు ముక్క, ఎదురుగా ఉన్నది లాక్కోవడం. ఆయన మధ్యలో ఆపి ప్రశ్నలడిగాడు. ట్రేలు ఏ పక్కనుంచి ఏ పక్కకి పెట్టారు, నంబరు ఎక్కడుంటుంది, పైనా పక్కనా. మిషన్ ఎందుకు ఆగిందో కనుక్కునేవాడి ప్రశ్నలు. భార్య ఆయన మోచెయ్యి లాగుతోంది. "ఇప్పుడవన్నీ దేనికండీ? మనకి జబ్బుందంటున్నారు వాళ్లు!"

"ఉండవే." బ్లేడక్క వైపు తిరిగాడు. "తప్పు చేసింది మీరేనా?"

"నేనేనండీ."

"కనిపెట్టిందెవరు?"

ఆమె చెప్పడానికి తటపటాయించింది. మూలన కూర్చున్న పెద్ద డాక్టరుగారు గొంతు సవరించుకున్నాడు. "ఆవిడే. నేను రెండు రిపోర్టుల మీదా సంతకం పెట్టాను. నాకు కనబడలేదు. అందరూ మర్చిపోయిన కొలతలు పట్టుకొచ్చింది."

కుట్టుమిషన్లాయన కాసేపు చేతివేళ్లు చూసుకున్నాడు. గోళ్ల కింద నల్లటి నూనె గీతలు. "ఇప్పుడు తీసే ముక్క ఎవరు కోస్తారు?"

"ఈవిడ కాదు. ప్రస్తుతానికి వేరేవాళ్లం చూస్తున్నాం," అన్నాడు పెద్ద డాక్టరుగారు. "మీరేమీ అనుమానం పెట్టుకోవద్దు."

"అనుమానం కాదు. ఈవిడనే కొయ్యమనండి."

భార్య, "మీకేమైనా మతిపోయిందా?" అంది.

"నాది ఒకసారి పాడుచేసింది కదే. ఇక ఈవిడ అంత జాగ్రత్తగా ఈ ఆస్పత్రిలో ఇంకెవరు చేస్తారు?" డాక్టర్ల వైపు చూశాడు. "ఇది నేను రాసివ్వాలా? చెప్తే సరిపోతుందా?"

"చెప్తే చాలు," అన్నాడు పెద్ద డాక్టరుగారు. బ్లేడక్క కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి కిందపడకుండా చూసుకోవడంలో ఆయనకి చెయ్యాల్సిన నమస్కారం కూడా మర్చిపోయింది.

*

సోమవారం సిస్టరు డ్యూటీకి వచ్చింది. ఆ ఇద్దరికీ మళ్లీ తీసిన ముక్కల సీసాలున్న ట్రే బల్ల మీద పెట్టి, "చూసుకుని సంతకం పెట్టండి," అంది. ఎప్పుడూ నువ్వు అనేది, ఈరోజు మీరు అంది. బ్లేడక్క ఒక్కో సీసా ఎత్తి నంబరు పైకి చదివింది. సిస్టరు లిస్టులో చూసి ఊఁ కొట్టింది. పన్నెండూ అయ్యాక సంతకం పెట్టి, "నీకు క్షమాపణ చెప్పాలి," అంది బ్లేడక్క. "గురువారం నువ్వొచ్చినప్పుడే నోరు విప్పాల్సింది."

"అవును," అంది సిస్టరు. "విప్పాల్సింది." ట్రే చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

ముక్కలు పెట్టేటప్పుడు చిన్న డాక్టరమ్మ పక్కన కూర్చుని నంబర్లు చదివింది. కుర్చీ ఎత్తు సరిపోక మాటిమాటికీ సర్దుకుంటూ, "ఇంత వాసనలో ఎలా ఉంటారక్కా?" అని చీదుతూ, కొత్త మనిషి వచ్చేదాకా తనే వస్తానంది. కొత్త మనిషి వస్తాడో రాడో ఎవరికీ తెలియదు. పెద్ద డాక్టరుగారు ఉత్తరం పైకి పంపారన్నది మాత్రం నిజం. మెమో కూడా వచ్చింది. వచ్చే వారం బుధవారానికల్లా జవాబివ్వాలి.

బుధవారానికి స్లైడ్లు తయారయ్యాయి. చిన్న డాక్టరమ్మ ముందు ఈతమాస్టారివి చూసింది, ఆరూ శుభ్రంగా ఉన్నాయి. తర్వాత రెండోవి పెట్టి, మైక్రోస్కోపు మీద వంగి చాలాసేపు లేవలేదు. పక్కనున్న రెండో కటకంలోంచి బ్లేడక్కని కూడా చూడమంది. గులాబీరంగు నేల మీద, ఎడంగా ఉండాల్సిన చిన్న చిన్న గుండ్రాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ, కిక్కిరిసిపోయి ఉన్నాయి. ఆమెకి అంతకన్నా తెలియదు. "నాలుగింట ఉంది," అంది డాక్టరమ్మ. "గ్రంథి దాటి పోయినట్టు లేదు. ఇప్పుడు తీసేస్తే నయమవ్వచ్చు. ఆ పాత రిపోర్టు పట్టుకుని రెండేళ్లు కూర్చుని ఉంటే..."

ఈతమాస్టారు రిపోర్టు తీసుకెళ్లడానికి మనిషిని పంపించాడు, తను రాలేదు.

కుట్టుమిషన్లాయన గురువారం వచ్చాడు. సర్జన్ దగ్గర్నుంచి తిన్నగా కింద అంతస్తుకి దిగి, ల్యాబు తలుపు దగ్గర నిలబడ్డాడు. బయటివాళ్లు లోపలికి రాకూడదు. బ్లేడక్కే గడప దాకా వెళ్లింది.

"చెప్పారా అన్నయ్యగారూ?"

"చెప్పారు. మా ఆవిడ పైన కూర్చుంది. కాసేపు కూర్చోనిద్దామని నేను దిగొచ్చాను." చేతిలో రిపోర్టు నాలుగు మడతలు పడి ఉంది. "ఆ ముక్క చూడొచ్చా? చూడకూడదంటే వద్దులే."

చూపించకూడదని ఎక్కడా రాసి లేదు, చూపించొచ్చనీ రాసి లేదు. ఆమె లోపలికెళ్లి ఒక బ్లాకు తీసి, నంబరు రెండుసార్లు చూసి, తెచ్చి ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన జేబులోంచి భూతద్దం తీశాడు, సూదికన్ను చూసుకునే భూతద్దం. తలుపు దగ్గరి వెలుతురులోకి జరిగి బ్లాకుని అటూ ఇటూ వంచి చూశాడు.

"ఇంత సన్నదా? ఇంత సన్నదానికా ఇంత గొడవ?"

"అంతేనండీ."

"వంకర లేకుండా పరిచారే. చిమటాతోనేనా?"

"చిమటాతోనే. మైనం గట్టిపడేలోపు పరచాలి."

"ఊఁ," అన్నాడు. పనివాడు పనివాణ్ణి చూసి అనే ఊఁ అది. బ్లాకుని రెండు వేళ్లతో జాగ్రత్తగా ఆమె చేతికి తిరిగిచ్చాడు. "వచ్చే బుధవారం ఆపరేషను. ఆ రోజు దారప్పోగు కాదు, మొత్తం గ్రంథే వస్తుందంట మీ బల్ల మీదకి."

"అవునండీ."

"నేను పైన మత్తులో పడుంటాను. దాని వెంట రాలేను." నవ్వబోయాడు. పెదాలు సగం దాకా వెళ్లి ఆగిపోయాయి. "మీరుంటారుగా ఆ రోజు?"

బుధవారం మెమోకి జవాబివ్వాల్సిన ఆఖరి రోజు. పై అంతస్తులో పదకొండింటికి రమ్మన్నారు. ఆ తర్వాత తను ఏ గదిలో, ఏ పని మీద ఉంటుందో ఆమెకి తెలియదు.

"ఆపరేషను ఎన్నింటికి?"

"ఎనిమిదింటికన్నారు."

"అయితే ఉంటానండీ," అంది. "అది దిగొచ్చేసరికి నేనిక్కడే ఉంటాను."